ఊరంతా యజమానులే!

నేను విస్కాన్సిన్ రాష్ట్రంలో రెసిడెన్సీ చేస్తున్న రోజుల్లో ఒక పెద్దాయన గుండెజబ్బుతో మా వార్డులో చేరారు. కాగితం మిల్లులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే రౌండ్స్‌కి వెళ్ళి "ఎలా ఉన్నారు?" అని అడిగితే ఒంటి సంగతి చెప్పకుండా, "నిన్నటి ఆట చూశావా డాక్టర్?" అని నన్నే ఎదురు ప్రశ్న వేసేవారు. నాకు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే బొత్తిగా తెలియదు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు. "ఆ జట్టంటే మీకు అంత అభిమానమా?" అన్నాను. ఆయన దిండు మీంచి కాస్త లేచి, "అభిమానమేమిటి! ఆ జట్టు యజమానుల్లో నేనొకణ్ణి" అన్నారు.

మందుల ప్రభావమేమో అనుకున్నాను. ఆ మాట చార్టులో రాయబోయాను కూడా. పక్కనున్న నర్సు నవ్వి, "ఆయన చెప్పింది నిజమే. మా నాన్న కూడా యజమానే" అంది. 1950లో ఆ పెద్దాయన తండ్రి 25 డాలర్లు పెట్టి జట్టులో ఒక వాటా కొన్నాడట. తండ్రి తరువాత అది కొడుక్కి వచ్చింది. దానికి అద్దం కట్టించి హాల్లో పెట్టుకున్నారట. "దీనివల్ల నాకు ఒక్క సెంటు రాలేదు, రాదు. కానీ జట్టు ఊళ్ళోనే ఉంది" అన్నారాయన.

ఆ జట్టు పేరు గ్రీన్ బే పాకర్స్. ఆ ఊరి జనాభా 2020 లెక్కల్లో 1 లక్షా 7 వేలు. మన గుడివాడకో, తాడేపల్లిగూడేనికో సమానమైన ఊరు. ఆ పాటి ఊరు న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలెస్ నగరాల జట్లతో సమానంగా నూరేళ్ళకు పైగా ఎలా నిలబడింది? ఈ ప్రశ్నకు జవాబు మైదానంలో దొరకదు, జమాఖర్చుల పుస్తకంలో దొరుకుతుంది. ఏటేటా చందాలు వసూలు చేసి పండుగలూ పోటీలూ నడిపే మనలాంటి సంఘాలవారు ఆ పుస్తకం ఒకసారి తిరగెయ్యడం మంచిదని నా ఉద్దేశం.

రాజుగారి సొమ్ము, సర్కారు ఉద్యోగం

ముందు మన వైపు సంగతి చూద్దాం. ఆటలకి డబ్బు ఎక్కణ్ణించో రావాలి. మన దేశంలో మొదట అది రాజుల దగ్గర్నుంచి వచ్చింది. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు గారిని క్రికెట్ లోకం "విజ్జీ" అని పిలిచింది. 1930లో దేశంలో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతుండగా ఇంగ్లండునించి రావలసిన ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయింది. విజ్జీ ఊరుకోలేదు. తన సొంత ఖర్చుతో జట్టు కట్టి, ప్రపంచ ప్రఖ్యాతులైన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను ఇంగ్లండునించి రప్పించి, భారతదేశం, సింహళం అంతా తిప్పి ఆడించారు. డబ్బు ఆయనది, మర్యాద ఆయనది, ఆనందం జనానిది. కానీ పెట్టినవాడే పెత్తందారు కదా! 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి ఆయన చేసినవి 33 పరుగులు. జట్టులో అందరికన్నా బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో పర్యటన మధ్యలోనే ఇంటికి పంపించేశారు. భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్, నాగపూర్ తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు గారు ఆ జట్టులో మామూలు ఆటగాడిగా ఆడారు. ఆ నాయుడు గారికి మాత్రం జీవనాధారం ఏమిటి? ఇందూరు హోల్కర్ మహారాజు తన సైన్యంలో ఇచ్చిన ఉద్యోగమే.

రెండో పద్ధతి సర్కారు ఉద్యోగం. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళినదీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినదీ ఆయన తయారుచేసిన భారత జట్లే. ఆ హైదరాబాదు జట్టు ఆటగాళ్ళకి జీతం పోలీసు శాఖది. టిక్కెట్లు అమ్ముడైనా కాకపోయినా నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యం ఉంటాయి. అదొక గొప్ప ఏర్పాటే. కానీ ఆ డబ్బు రావడం మానితే జట్టుకు వేరే ఆధారం లేదు. రహీం గారు 1963లో పోయారు. ఆ తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ ఆ వైభవాన్ని మళ్ళీ చూడలేదు.

రాజుగారైనా, శాఖ అయినా లోపం ఒక్కటే. డబ్బు ఒకేచోట నించి వస్తుంది. ఆ ఒక్క చెయ్యి ముడుచుకుంటే అంతా ముడుచుకుపోతుంది. గ్రీన్ బే కథ కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది.

టోపీ తిప్పిన రోజులు

1919 ఆగస్టులో గ్రీన్ బేలో కర్లీ లాంబో అనే యువకుడూ, స్థానిక పత్రికలో ఆటల వార్తలు రాసే జార్జ్ కాల్హూన్ అనే ఆయనా కలిసి జట్టు పెట్టారు. లాంబో పనిచేస్తున్నది ఇండియన్ పాకింగ్ కంపెనీలో, అంటే మాంసం డబ్బాల్లో పెట్టి అమ్మే సంస్థ. బట్టల కోసం ఆ కంపెనీ 500 డాలర్లూ, సాధన చేసుకోవడానికి స్థలమూ ఇచ్చింది. అందుకే జట్టుకు "పాకర్స్" అని పేరు. మైదానానికి గోడ లేదు, గేటు లేదు. గేటు లేకపోతే టిక్కెట్టు ఎక్కడ? ఆట మధ్యలో జనంలోకి టోపీ తిప్పేవారు. మన ఊళ్ళో తోలుబొమ్మలాట వాళ్ళు పళ్ళెం తిప్పినట్టే. మొదటి ఏడాది 11 ఆటల్లో 10 గెలిచారు. కానీ టోపీలో పడిన చిల్లర పంచుకుంటే ఆటగాళ్ళకి మిగిలింది స్వల్పమే.

1921లో ఈ జట్టు జాతీయ లీగులో చేరింది. ఆ ఏడాది కాలేజీ కుర్రాళ్ళని మారుపేర్లతో ఆడించారని లీగు వారి సభ్యత్వాన్ని తీసేసింది. లాంబో తంటాలు పడి దాన్ని తిరిగి సంపాదించాడు. ఇక 1922లో వానలు పట్టుకున్నాయి. వాన వస్తే జనం రారు, జనం రాకపోయినా అవతలి జట్టుకు ఇస్తామన్న సొమ్ము ఇచ్చి తీరాలి. అందుకని వాన బీమా తీసుకున్నారు. తీరా వాన కురిశాక బీమా కంపెనీ వాళ్ళు కొలత చూసి, ఒప్పందంలో రాసుకున్న దానికన్నా అంగుళంలో నూరో వంతు తక్కువ పడిందని చెప్పి డబ్బు ఎగ్గొట్టారు! ఆ నూరో వంతు వాన ఆ జట్టు చరిత్రను మార్చేసింది.

అప్పుల్లో పడిన లాంబోకి ఊరి పత్రిక నడిపే ఆండ్రూ టర్న్‌బుల్ ధైర్యం చెప్పాడు. ఆయనా, లాంబో, ఒక లాయరు, ఒక కిరాణా వ్యాపారి, వెబర్ కెల్లీ అనే ఒక డాక్టరు కలిసి ఊళ్ళో తిరిగారు. ఈ అయిదుగురికీ "ఆకలి పంచకం" అన్న అర్థం వచ్చే పేరు పడింది. జట్టు కోసం ఎప్పుడూ చెయ్యి చాపుకునే తిరిగేవారని! మన సంఘాల్లో చందాల పుస్తకం పట్టుకున్నవాళ్ళు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునే పెద్దమనుషులు ఉన్నారు కదా, ఆ ఊళ్ళోనూ ఉండే ఉంటారు.

1923లో వారు జట్టును ఒక సంస్థగా మార్చి, ఒక్కొక్కటి 5 డాలర్ల చొప్పున 1,000 వాటాలు అమ్మారు. వెరసి 5,000 డాలర్లు. ఇందులో ఒక మెలిక ఉంది. వాటా కొన్నవాళ్ళు కనీసం ఆరు సీజను టిక్కెట్లు కూడా కొనాలి. ఈ మెలికలోనే అసలు అర్థశాస్త్రం ఉంది. వాటా సొమ్ము ఒక్కసారి వచ్చేది, అది పాత అప్పుకి పోతుంది. సీజను టిక్కెట్టు ఏటా వచ్చేది. పైగా ఆట మొదలుకాక ముందే వచ్చేది. ఇక వాన పడ్డా, ఎండ కాసినా ఆ డబ్బు చేతిలో ఉంటుంది. ఖర్చు కంటే ముందు ఆదాయం రావాలన్న ఈ చిన్న సూత్రం తెలియకనే ఎన్నో జట్లు మునిగిపోయాయి.

వాటాలకి డివిడెండ్ లేదు. లాభం వస్తే జట్టుకే. ఆశ పెట్టి అమ్మలేదు, ఊరి పేరు చెప్పి అమ్మారు. మన పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ళకి ఇంటింటా వసూలు చేస్తారు. ఇచ్చినవాడు వడ్డీ అడగడు. కానీ పందిరి వేశాక "మాది" అంటాడు, పానకం బాగాలేకపోతే కోప్పడతాడు. ఆ హక్కు కోసమే ఇస్తాడు.

పడ్డ ప్రతిసారీ ఊరే లేపింది

ఆ పునాది మీద జట్టు 1929, 1930, 1931 సంవత్సరాల్లో వరసగా జాతీయ ఛాంపియన్ అయింది. గెలుపులు వేరు, గల్లాపెట్టె వేరు. 1931లో ఒక ప్రేక్షకుడు బల్లల వరసల మీంచి కిందపడి దావా వేశాడు. కోర్టు 5,000 డాలర్లు ఇమ్మంది. ఆ బాధ్యత మోయాల్సిన బీమా కంపెనీ తానే దివాలా తీసింది! దేశమంతా ఆర్థిక మాంద్యం. మూడుసార్లు దేశాన్ని గెలిచిన జట్టు 1933లో కోర్టు నియమించిన రిసీవరు చేతిలోకి పోయింది. 1935లో ఊరి వ్యాపారులు మళ్ళీ 15,000 డాలర్లు పోగుచేసి, సంస్థను కొత్తగా కట్టి నిలబెట్టారు. మాంద్యం రోజుల్లో, ఉన్న ఉద్యోగం ఊడుతుందేమోనని భయపడే ఊళ్ళో, ఆ మొత్తం చిన్నది కాదు. 1933 నుంచి కొన్ని సొంత ఆటలు పెద్ద నగరమైన మిల్వాకీలో ఆడుతూ గేటు ఆదాయం పెంచుకున్నారు. ఈ ఏర్పాటు 1994 దాకా సాగింది.

మూడో దెబ్బ 1940ల చివర్లో తగిలింది. 1946లో పోటీ లీగు ఒకటి పుట్టి నాలుగేళ్ళు నడిచింది. రెండు లీగులు ఒకే ఆటగాడి కోసం పాడుకుంటే జీతాలు పెరగక ఏమవుతాయి? పెద్ద నగరాల యజమానులు తట్టుకున్నారు. గ్రీన్ బే గల్లాపెట్టె ఖాళీ అయింది. 1949లో థాంక్స్‌గివింగ్ నాడు జట్టును రెండుగా చీల్చి తమలో తామే ఆడి, ఆ ఆటకు టిక్కెట్లు అమ్మితే సుమారు 50,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో ఆ సంవత్సరం గట్టెక్కారు. బయటి పెట్టుబడిదారులను తెచ్చి జట్టును మామూలు కంపెనీగా మార్చాలని లాంబో ఆలోచన. పాలకవర్గం ఒప్పుకోలేదు. స్థాపకుడే 1950 మొదట్లో జట్టును వదిలి వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే 25 డాలర్ల వాటాలు అమ్మితే 1 లక్షా 18 వేల డాలర్లు వచ్చాయి. నా పేషెంటు తండ్రి కొన్నది ఈ విడతలోనే. ఈసారి ఎవరికీ 200 వాటాలకు మించి ఇవ్వమని నిబంధన పెట్టారు. డబ్బు బాగా కావలసిన సమయంలో "ఎక్కువ ఇస్తాను" అన్నవాడికి "వద్దు" అని చెప్పడం ఎంత కష్టమో కోశాధికారిగా చేసినవారికి తెలుస్తుంది. ఎక్కువ ఇచ్చినవాడు రేపు ఎక్కువ అడుగుతాడు. మన విజ్జీ కథ వాళ్ళకు తెలియదు గాని అందులోని నీతి తెలుసు.

1956లో మరో పరీక్ష. పాత మైదానం చిన్నది, చెక్కబల్లలు. అప్పటి పద్ధతి ప్రకారం గేటు వసూళ్ళలో వచ్చిన జట్టుకీ వాటా ఉంటుంది. చిన్న మైదానంలో వసూలు చిన్నది. "అంత దూరం వచ్చి ఏం పట్టుకుపోతాం?" అని పెద్ద జట్లకు గ్రీన్ బే రావడమంటే విసుగు. కొత్త స్టేడియం కట్టకపోతే జట్టు మిల్వాకీకి పోవడం ఖాయమన్నారు. పురపాలక సంఘం బాండ్లు అమ్మి కట్టాలా వద్దా అని ఊళ్ళో ఓటింగ్ పెట్టారు. అప్పుడు షికాగో జట్టు అధిపతి జార్జ్ హాలస్ గ్రీన్ బే వచ్చి, ఆ బాండ్లకు ఓటు వెయ్యమని సభలో ప్రచారం చేశాడు. మైదానంలో ఆగర్భశత్రువు! శత్రువు ఊళ్ళో లేకపోతే తన ఆటకీ రుచి లేదని ఆయనకు తెలుసు. 1956 ఏప్రిల్ 3న రెండింట ఒకటి కన్నా మిన్నగా జనం ఒప్పుకున్నారు. 9 లక్షల 60 వేల డాలర్ల ఖర్చును ఊరూ, జట్టూ పంచుకున్నాయి. 32,150 మంది కూర్చునే స్టేడియం 1957 సెప్టెంబరు 29న తెరుచుకుంది. ఆరోజు ఓడిపోయినది ఎవరో తెలుసా? హాలస్ గారి షికాగో జట్టే, 21-17 తేడాతో.

పంపకమే బలం

ఇంతవరకు చెప్పినది ఊరి పట్టుదల కథ. కానీ పట్టుదల ఒక్కటే చాలదు. కాంటన్, పోట్స్‌విల్, రాక్ ఐలండ్, డులూత్ లాంటి చిన్న ఊళ్ళ జట్లన్నీ తొలినాటి లీగులో ఉండి మాయమైపోయినవే. పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కి వెళ్ళిపోయింది. డెకేటర్ జట్టు 1921లోనే షికాగో చేరింది. 1950ల చివరికి టెలివిజన్ వచ్చింది. ప్రతి జట్టూ తన ఆటలను విడిగా అమ్ముకునేది. న్యూయార్క్ ఇళ్ళల్లో ఎన్ని టీవీలు, గ్రీన్ బేలో ఎన్ని టీవీలు! ఇలాగే సాగితే వాటాల అమ్మకం ఎన్నిసార్లు జరిగినా ఈ ఊరు నిలిచేది కాదు.

1960లో లీగు కమిషనరైన పీట్ రోజెల్, అన్ని జట్ల టీవీ హక్కులూ కలిపి ఒకేసారి అమ్ముదాం, వచ్చినదాన్ని సమానంగా పంచుకుందాం అన్నాడు. పెద్ద నగరాల యజమానులు, న్యూయార్క్ మారా కుటుంబం, షికాగో హాలస్, లాస్ ఏంజెలెస్ రీవ్స్, తమ సొంత లాభం కొంత వదులుకుని దానికి ఒప్పుకున్నారు. అది ధర్మబుద్ధి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆట అనేది ఒక విచిత్రమైన సరుకు. కిరాణా దుకాణం వాడు పక్క దుకాణం మూతపడితే సంతోషిస్తాడు. ఆటలో ఎదుటి జట్టు మూతపడితే ఆడేందుకు ఎవరూ ఉండరు. ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే చూసేందుకూ ఎవరూ రారు. పోటీదారుణ్ణి బతికించుకోవడమే ఇక్కడి వ్యాపారం.

ఇలా కలిసి అమ్మడం గుత్తాధిపత్య వ్యతిరేక చట్టానికి విరుద్ధమని 1961లో కోర్టు ఆ ఒప్పందాన్ని కొట్టేసింది. లీగు వాషింగ్టన్ వెళ్ళి చట్టాన్నే సవరింపజేసుకుంది. 1961 సెప్టెంబరు 30న అధ్యక్షుడు కెనడీ ఆ చట్టం మీద సంతకం చేశారు. ఆ తరువాత సి.బి.ఎస్. సంస్థతో ఏడాదికి 46 లక్షల 50 వేల డాలర్లకు ఒప్పందం కుదిరింది. 14 జట్లకూ తలా 3 లక్షల 30 వేల చిల్లర. న్యూయార్క్‌కి ఎంతో, గ్రీన్ బేకీ అంతే. 1959లో వచ్చిన విన్స్ లొంబార్డీ అనే శిక్షకుడు 1961 నుంచి 1967 వరకు ఏడేళ్ళలో అయిదుసార్లు జట్టును ఛాంపియన్ చేశాడు. అందులో మొదటి రెండు సూపర్ బౌల్‌లూ ఉన్నాయి. 1994లో ఆటగాళ్ళ మొత్తం జీతానికి ఒక పరిమితి కూడా పెట్టారు. ఆ ఏడాది అది జట్టుకు 3 కోట్ల 46 లక్షల డాలర్లు. దాంతో డబ్బున్నవాడు ఆటగాళ్ళందరినీ కొనేసే దారి మూసుకుపోయింది.

వాటాదారులున్న సంస్థ గనుక ఈ జట్టు ఏటా లెక్కలు బయటపెడుతుంది. మిగతా జట్లేవీ ఇలా పెట్టవు. 2024 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఆదాయం 65 కోట్ల 41 లక్షల డాలర్లు. అందులో టీవీ వగైరా లీగు సమానంగా పంచినది 40 కోట్ల 23 లక్షలు. టిక్కెట్లు, దుకాణం, స్టేడియం మీద ఊళ్ళో సంపాదించినది 25 కోట్ల 18 లక్షలు. ఖర్చు 59 కోట్ల 40 లక్షలు పోగా మిగులు 6 కోట్ల 1 లక్ష. అంటే డాలరులో అరవై సెంట్లకు పైగా పంపకం సొమ్మే. ఆ పంపకం లేకపోతే ఈ ఊరికి ఈ జట్టు లేదు. ఆ మిగులులోంచి కష్టకాలం కోసం ప్రత్యేక నిధి ఒకటి పెంచుకుంటూ వస్తున్నారు. ఒక్క ధనవంతుడు లేని జట్టుకు ఆ నిధే ధనవంతుడు.

నాణేనికి రెండో వైపు

ఇదంతా విని ఇదొక స్వర్గమనుకోనక్కరలేదు. 1997-98లో 200 డాలర్ల చొప్పున 1 లక్షా 20 వేల వాటాలు అమ్మి 2 కోట్ల 40 లక్షలు, 2011-12లో 250 డాలర్ల చొప్పునా, 2021-22లో 300 డాలర్ల చొప్పునా అమ్మి ఒక్కోసారి 6 కోట్లకు పైగా తెచ్చుకున్నారు. ఇప్పుడు వాటాదారులు 5 లక్షల 37 వేలకు మించి ఉన్నారు. కొన్నవారికి డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకునే వీలు లేదు, టిక్కెట్టు కూడా దొరకదు. ఎప్పుడైనా జట్టును అమ్మినా ఆ సొమ్ము ధర్మకార్యాలు చేసే సంస్థకు పోతుంది. పాలకవర్గాన్ని ఎన్నుకునే ఓటు, గోడకు కాగితం, అంతే. పైగా 2000 సెప్టెంబరులో స్టేడియం పునర్నిర్మాణానికి బ్రౌన్ కౌంటీ జనం అర శాతం అమ్మకపు పన్ను వేసుకున్నారు. 53 శాతం మంది మాత్రమే ఒప్పుకున్నారు. ఆట చూడని ముసలమ్మ కూడా సబ్బు కొన్నప్పుడల్లా స్టేడియానికి కట్టింది. ఆ పన్ను 2015లో ఆగింది. ఇంకో సంగతి, ఇప్పటి లీగు నిబంధనలు మరే ఊరికీ ఇలాంటి యాజమాన్యాన్ని ఒప్పుకోవు. ఇది పాతకాలపు మినహాయింపు.

అయినా ఒక్క యజమాని పద్ధతితో పోల్చి చూడండి. 1984లో బాల్టిమోర్ జట్టును యజమాని రాత్రికి రాత్రి లారీల్లోకి ఎక్కించి ఇండియానాపోలిస్ తరలించాడు. తెల్లారేసరికి ఊరికి జట్టు లేదు. మన హైదరాబాదు సంగతి ఇంకా దగ్గరిది. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు డెక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు డెక్కన్ ఛార్జర్స్ జట్టును పాడుకుంది. 2009లోనే ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో ఆ జట్టు ఛాంపియన్ అయింది. కానీ మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2012లో 100 కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ చూపలేక జట్టే రద్దయింది. ఆ అక్టోబరులో సన్ టీవీ సంస్థ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల చొప్పున హైదరాబాదు హక్కు కొని సన్‌రైజర్స్ పేరుతో వేరే జట్టు పెట్టింది. లక్ష జనాభా ఊరు నూరేళ్ళు నిలుపుకున్నదాన్ని మహానగరం అయిదేళ్ళు నిలుపుకోలేకపోయింది. ఆ అయిదేళ్ళలో జనం కేకలు వేశారు, టిక్కెట్లు కొన్నారు, కప్పు గెలిస్తే టపాకాయలు కాల్చారు. కానీ జట్టు ఉండాలా పోవాలా అన్నప్పుడు వాళ్ళని ఎవరూ అడగలేదు. అప్పు చేసి పప్పుకూడు తిన్నంత కాలం తిన్నారు, విస్తరి ఎత్తేశారు.

మన పుస్తకం

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం నేను ఒక తెలుగు సంఘానికి కోశాధికారిగా పనిచేశాను. వేసవిలో క్రికెట్, వాలీబాల్ పోటీలు పెట్టేవాళ్ళం. ఖర్చులో ముప్పాతిక భాగం ఒక్క దాతే ఇచ్చేవారు. చాలా మంచి మనిషి. మాకూ హాయిగా ఉండేది, ఇంటింటికీ వెళ్ళి అడిగే బాధ తప్పింది. ఒక వసంతంలో ఆయన వ్యాపారం దెబ్బతిని, వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. ఆ ఏడాది పోటీలు లేవు, మరుసటి ఏడాదీ లేవు. మైదానానికి కట్టిన అడ్వాన్సు పోయింది. మా అబ్బాయి "ఈసారి మ్యాచ్‌లు ఎప్పుడు నాన్నా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తప్పు ఆ దాతది కాదు. ఆయన ఉన్నన్నాళ్ళూ పుస్తకం పట్టుకుని బయలుదేరని నాది, నా తోటివాళ్ళది.

అప్పుడు ఆ పెద్దాయన గోడమీది కాగితం గుర్తొచ్చింది. అక్కడి పద్ధతుల్లో మనకి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. పదివేలు ఇచ్చే ఒక్కరికన్నా పాతికేసి డాలర్లు ఇచ్చే నాలుగువందల కుటుంబాలు గట్టి. లెక్కకి రెండూ ఒకటే, బతుకులో ఒకటి కాదు. ఏ ఒక్కరి విరాళమూ మొత్తం ఖర్చులో ఇంత భాగం దాటకూడదని ముందే రాసుకోవాలి, ఇచ్చేవారు ఎదురుగా వచ్చాక రాసుకోలేం. పిల్లల జట్ల చందా ఆట మొదలయ్యే ముందే వసూలు కావాలి. వానకీ, దెబ్బలకీ బీమా కాగితం చిన్న అక్షరాలతో సహా చదవాలి. మిగిలిన సొమ్ము విందులో ఖర్చుపెట్టకుండా ఒక ఏడాది ఖర్చుకి సరిపడా నిధి చేసుకోవాలి. ఏడాదికోసారి జమాఖర్చులు సభ్యులందరికీ అచ్చువేసి ఇవ్వాలి. లెక్క చూసినవాడు మళ్ళీ ఇస్తాడు, చూడనివాడు అనుమానిస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం 1961 నాటి పాఠం. మన పెద్ద నగరాల సంఘాలకి వేల కుటుంబాలున్నాయి, స్పాన్సర్లున్నారు. నూరు మైళ్ళ దూరంలో ముప్ఫై తెలుగు కుటుంబాలున్న చిన్న ఊరి సంఘానికి మైదానం అద్దె కట్టుకోవడమే గగనం. వాళ్ళ జట్టు రాకపోతే మన టోర్నమెంటుకి ఎదురు జట్టు తగ్గుతుంది. స్పాన్సర్ల సొమ్ము ఒక ఉమ్మడి నిధిలో వేసి, వచ్చిన జట్లకి ప్రయాణపు ఖర్చు సమానంగా పంచితే అది దానం కాదు, మన ఆటను మనం బతికించుకోవడం. హాలస్ గారు గ్రీన్ బే వెళ్ళి ఓట్లు అడిగింది అందుకే.

ఆ పెద్దాయన కోలుకుని ఇంటికి వెళ్ళిన రోజున నాకు చెయ్యి ఊపి, "మళ్ళీ వాటాలు అమ్మితే ఒకటి కొను డాక్టర్, లాభం రాదు గాని" అన్నారు. 2011 చలికాలంలో అమ్మారు. 250 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. మా ఆవిడ "ఇదేం పెట్టుబడి?" అంది. దానికి అద్దం కట్టించాను. మా ఇంట్లో హాల్లో, మా సంఘం జీవిత సభ్యత్వ పత్రం పక్కనే ఉంది. ఆ రెంటి మీదా నాకు ఒక్క సెంటు రాదు.